ఏదో కాలుతున్న వాసన: కొత్తగా క్యాబిన్ క్రూలో చేరిన మన వైపు పిల్లలకు

ట్రైనింగ్ సెంటర్‌లో మంట ఎక్కడుందో ముందే తెలుసు. ఇన్‌స్ట్రక్టర్ స్విచ్ నొక్కుతారు, డబ్బాలోంచి మంట లేస్తుంది, మీరు పిన్ను లాగి కొడతారు, ఆరిపోతుంది. విమానంలో అలా ఉండదు. పదిహేడో వరసలో కూర్చున్న పెద్దాయన మీరు అటుగా వెళ్తుంటే ఆపి, "అమ్మా, ఏదో కాలుతున్నట్టు వాసనొస్తోంది" అంటాడు. మంటా కనబడదు, పొగా కనబడదు. ఆ "ఏదో" దగ్గర్నుంచి మీరు వరసగా ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వెళ్లి ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు, చేరాలనుకుంటున్నవాళ్లు దీన్ని చదవండి. ఒక్క విషయం ముందే: మీ ఎయిర్‌లైన్ సేఫ్టీ మాన్యువల్‌లో ఏదైనా వేరుగా ఉంటే మాన్యువల్ చెప్పిందే చేయండి. పరికరాలు, వాటి పేర్లు, పనుల వరస ఒక్కో సంస్థలో కాస్త తేడాగా ఉంటాయి.

తలుపులు మూయకముందే మొదలయ్యే పని

మంట ఆర్పడం కంటే దాన్ని విమానం ఎక్కనివ్వకపోవడం తేలిక. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో బోర్డింగ్ జరుగుతున్నప్పుడు మన వైపు వాళ్ల సంచులు మీకు తెలిసినంతగా ఢిల్లీ నుంచి వచ్చిన సహోద్యోగికి తెలియవు. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వెళ్తున్న తల్లి సంచిలో ఎండు కొబ్బరి కురిడీలు ఉంటాయి. పూజ సామాన్ల మూటలో కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె ఉంటాయి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో అది ఉంది, అందుకే లగేజీలో ఒప్పుకోరు. కర్పూరం సంగతి చెప్పక్కర్లేదు. స్క్రీనింగ్‌లో ఇవి చాలావరకు పట్టుబడతాయి. అయినా కళ్లబడితే ఊరుకోకండి, మీ సీనియర్‌కి చెప్పండి.

వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి పవర్‌బ్యాంక్. అది చేతి సామానులోనే ఉండాలి, చెక్‌ఇన్ బ్యాగులో పెట్టకూడదు. మామూలుగా 100 వాట్ అవర్ల వరకు అనుమతిస్తారు. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, కాబట్టి అది లెక్కలోనే ఉంటుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయే మెలిక ఒకటుంది. పై బిన్లు (సీట్ల పైన సామాను పెట్టే అరలు) నిండిపోయి, చివర్లో వచ్చినవాళ్ల బ్యాగులు తీసుకుని కింద కార్గోలోకి పంపిస్తారు చూడండి, అప్పుడు ఆ బ్యాగుతో పాటు పవర్‌బ్యాంక్ కూడా కిందికి వెళ్లిపోతుంది. కార్గో హోల్డ్‌లో మంటలార్పే గ్యాస్ ఉన్నా, లిథియం బ్యాటరీ లోపల మొదలైన వేడిని అది ఆపలేదు. అందుకని ట్యాగ్ కట్టే ముందు, "ఇందులో పవర్‌బ్యాంక్ గానీ, విడి బ్యాటరీలు గానీ ఉన్నాయా? ఉంటే తీసి దగ్గర పెట్టుకోండి" అని అడగండి. తెలుగులో అడగండి, ఒడియాలో అడగండి. ఇంగ్లిష్‌లో అడిగితే ఊరికే తల ఊపేసేవాళ్లు చాలామంది ఉంటారు.

మన కోస్తాలో ఇంకో ముచ్చట. వానాకాలంలో, ఉక్కపోత రోజుల్లో ఏసీ వెంట్ల నుంచి తెల్లటి పొగలాంటిది జలజలా దిగుతుంది. మొదటిసారి విమానం ఎక్కినవాళ్లు హడలిపోతారు. అది తేమ గాలి చల్లబడి పట్టిన మంచు తెర. చల్లగా ఉంటుంది, వాసన ఉండదు, కొద్ది దూరం దిగేసరికి మాయమైపోతుంది. "పొగ, పొగ" అని అరిచినవాళ్లను చూసి నవ్వకండి. అది ఏమిటో చెప్పి, అలా చెప్పినందుకు థాంక్స్ అనండి. ఈసారి నవ్వులపాలైన మనిషి, రేపు నిజంగా వాసన వచ్చినా నోరు తెరవడు.

వాసన అనగానే

గోరంత వాసననైనా కొండంతగా తీసుకోండి. మంట కాదని రుజువయ్యేదాకా అది మంటే. సీనియర్ భోజనాల పనిలో ఉన్నారు, ఇది అయ్యాక చెబుదాంలే అనుకోకండి.

వెంటనే పక్క క్రూ సభ్యుడికి చెప్పండి. ఒక్కరే వెళ్లి వెతకడం మొదలుపెట్టకండి. వెళ్లేటప్పుడు చేతిలో ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్) ఉండాలి. ఒట్టి చేతులతో వెళ్లి, మంట చూసి, మళ్లీ వెనక్కి పరిగెత్తడం అంటే అర నిమిషం పోగొట్టుకోవడమే.

వెతికేటప్పుడు కళ్లకంటే ముక్కు, అరచేతి వెనక భాగం ఎక్కువ పనిచేస్తాయి. గోడ ప్యానెళ్లు, పై బిన్ల అడుగు, టాయిలెట్ తలుపు, నేల దగ్గరి గ్రిల్లు, అన్నిటినీ చేతి వెనకవైపుతో తాకుతూ వెళ్లండి. చర్మం అక్కడ పలచగా ఉంటుంది కాబట్టి వేడి త్వరగా తెలుస్తుంది. పైగా ఏదైనా కాలినా, ఎక్స్‌టింగ్విషర్ పట్టుకోవలసిన అరచేయి మిగులుతుంది. ప్యానెల్ రంగు మారిందా, పెయింట్ ఉబ్బిందా, లైట్లు మినుకుమినుకుమంటున్నాయా, ఒక వరసలో స్క్రీన్లు ఆగిపోయాయా అని చూడండి. గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, సర్క్యూట్ బ్రేకర్ (లోపం వస్తే కరెంటు ఆపేసే బటన్) ఏదైనా బయటికి పొడుచుకొచ్చి ఉంటే దాన్ని మళ్లీ లోపలికి నొక్కకండి. ఏదో తప్పు జరిగింది కాబట్టే అది బయటికొచ్చింది. కాక్‌పిట్‌కి చెప్పండి, అంతే.

ముగ్గురికి మూడు పనులు

నూట ఎనభై సీట్ల విమానంలో మామూలుగా మీరు నలుగురు ఉంటారు. మంట ఉందని తేలగానే, లేదా గట్టి అనుమానం రాగానే, పనులు ఇలా విడిపోవాలి. ముందు కనిపెట్టినవాళ్లే మంట మీద పనిచేస్తారు. రెండోవాళ్లు ఇంటర్‌ఫోన్ పట్టుకుని కెప్టెన్‌తో మాట్లాడతారు, వీళ్లు మంటనూ దాని దగ్గరున్న మనిషినీ చూడగలిగే చోట నిలబడాలి. మూడోవాళ్లు ఇంకో ఎక్స్‌టింగ్విషర్, స్మోక్ హుడ్ (పొగలో ఊపిరి ఆడేలా తలకు తొడుక్కునే ముసుగు), నీళ్లు తెచ్చి అందిస్తారు, దగ్గర్లో ఆక్సిజన్ సిలిండర్ ఉంటే దూరంగా తీసేస్తారు. నాలుగో మనిషి ప్రయాణికుల దగ్గర.

స్మోక్ హుడ్ పెట్టుకోవడానికి బద్ధకించకండి. "చిన్న పొగే కదా" అని వంగి చూసినవాళ్లు రెండు గుక్కలకే కూలబడిపోవచ్చు. కాలే ప్లాస్టిక్, ఫోమ్ నుంచి వచ్చే గ్యాసులు అలాంటివి. హుడ్ సుమారు పావుగంట పనిచేస్తుంది. పెట్టుకున్నాక మీ మాట బయటికి సరిగా వినబడదు, చేతి సైగలు ముందే అనుకుని ఉండండి. జుట్టు ముడి మెడ పట్టీ కింద ఇరుక్కుంటే గాలి లీకవుతుంది. ఆ ముడి పూర్తిగా లోపలికి తోయడం ట్రైనింగ్‌లోనే నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయండి.

హేలాన్ (మంటలార్పే గ్యాస్) సిలిండర్‌ని నిటారుగా పట్టుకోవాలి. ఆరేడు అడుగుల దూరం నుంచి, మంట కొసలకు కాదు, మొదలుకి గురిపెట్టి అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. అది కొద్ది సెకన్లలో ఖాళీ అయిపోతుంది, అందుకే రెండోది పక్కన సిద్ధంగా ఉండాలి.

కెప్టెన్‌కి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మంట ఆర్పడం కంటే కూడా. ఎందుకో చెప్పడానికి ఒక ప్రమాదం గురించి కాస్త వివరంగా రాయాలి.

1983 జూన్ 2న డాలస్ నుంచి టొరంటో వెళ్తున్న ఎయిర్ కెనడా 797, డీసీ-9 విమానం. ముందుగా కాక్‌పిట్‌లో టాయిలెట్ ఫ్లష్ మోటార్ తాలూకు బ్రేకర్లు బయటికొచ్చాయి. మళ్లీ నొక్కి చూశారు, నిలవలేదు. కొంతసేపటికి ఒక ప్రయాణికురాలికి వింత వాసన తగిలింది. వెనక టాయిలెట్ తలుపు తీస్తే పొగ. మంట మాత్రం కనబడలేదు. క్రూ ఎక్స్‌టింగ్విషర్ కొట్టారు. ఫస్ట్ ఆఫీసర్ వెనక్కి వెళ్లాడు, పొగ దట్టంగా ఉండడంతో దగ్గరికి పోలేక తిరిగొచ్చాడు. ఈలోగా పొగ తగ్గుతోందన్న మాట కెప్టెన్ చెవిన పడింది. మంట నిజానికి గోడ వెనక పాకుతూనే ఉంది. ఫస్ట్ ఆఫీసర్ రెండోసారి వెళ్లి టాయిలెట్ తలుపు తాకితే వేడిగా తగిలింది. అప్పుడుగానీ కిందికి దిగడం మొదలుకాలేదు. సిన్సినాటిలో దిగారు, తలుపులు తెరిచారు, తాజా గాలి లోపలికి వెళ్లింది. నిమిషం, నిమిషంన్నర లోపే క్యాబిన్ మొత్తం ఒక్కసారిగా అంటుకుంది. ఉన్న 46 మందిలో 23 మంది చనిపోయారు. మంట తీవ్రతను తక్కువ అంచనా వేయడం, దాని గురించి కెప్టెన్‌కి ఒకదానికొకటి పొంతన లేని సమాచారం అందడం ప్రమాదానికి కారణమయ్యాయని దర్యాప్తులో తేల్చారు. ఈరోజు మీ టాయిలెట్లలో ఉన్న స్మోక్ డిటెక్టర్, నేల మీద వెలిగే దారి లైట్లు ఆ ప్రమాదం తర్వాత వచ్చిన నిబంధనలే.

కాబట్టి ఇంటర్‌ఫోన్‌లో మీ అభిప్రాయం చెప్పకండి, మీరు చూసింది చెప్పండి. "తగ్గినట్టుంది", "కంట్రోల్‌లోనే ఉంది అనుకుంటా" అన్న మాటలు నోట్లోంచి రానివ్వకండి. ఎక్కడ, ఏది, పొగ రంగు, ఎంత దట్టం, వాసన ఎలాంటిది, ఏం చేశారు, ఎన్ని సిలిండర్లు అయ్యాయి, ప్రయాణికులు ఎలా ఉన్నారు, ఇవీ వాళ్లకు కావలసినవి. ఇలా:

"కెప్టెన్, వెనక ఎడమ టాయిలెట్‌లో పొగ. నల్లగా, తలుపు పైసందుల్లోంచి వస్తోంది. తలుపు పైభాగం వేడిగా ఉంది. మంట కనబడలేదు. ఒక హేలాన్ పూర్తిగా కొట్టాం, రెండోది చేతిలో ఉంది. చివరి ఐదు వరసల వాళ్లను ముందుకు పంపిస్తున్నాం."

ఇందులో ఊహ ఒక్కటీ లేదు. పొగ నిజంగానే తగ్గినా, "పొగ పలచబడింది, కానీ మూలం కనబడలేదు" అనండి. ఆ రెండో ముక్క వినబడితేనే కెప్టెన్ దగ్గర్లోని ఎయిర్‌పోర్ట్ వైపు తిప్పుతారు. పొగ మొదలైనప్పటి నుంచి నేల మీదికి చేరడానికి పైలట్లకు పదిహేను, ఇరవై నిమిషాలే ఉండొచ్చని విమానయాన భద్రతా నియంత్రణ సంస్థలు హెచ్చరిస్తాయి. 1998లో స్విస్‌ఎయిర్ 111 విమానంలో కాక్‌పిట్‌లో వాసన తగిలిన దగ్గర్నుంచి సముద్రంలో కూలేదాకా సుమారు 21 నిమిషాలు. ఇంకా, ఒకే మనిషి కెప్టెన్‌తో మాట్లాడాలి. ఇద్దరు ఫోన్ చేసి రెండు రకాలుగా చెబితే పైన రాసిన కథే పునరావృతం.

అటువైపు పైలట్లు ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని ఉంటారు, గొంతు గరగరలాడుతూ వినబడుతుంది. కంగారుపడకండి. కెప్టెన్ చెప్పిన సమాచారాన్ని, అంటే సమస్య ఏమిటి, ఏం చేయబోతున్నాం, ఎంత టైముంది, ప్రత్యేక సూచనలేమిటి అన్నవి మళ్లీ పైకి చదివి వినిపించండి.

టాయిలెట్

డిటెక్టర్ మోగితే మొదట తలుపు కొట్టి పిలవండి. పెర్‌ఫ్యూమ్, హెయిర్ స్ప్రే కొట్టినా అది మోగుతుంది. లోపల ఎవరో దొంగచాటుగా బీడీ కాలుస్తున్నా మోగుతుంది. ఆ మనిషి బయటికి రాగానే గొడవకు దిగకండి, ముందు పీక ఎక్కడ పడేశాడో అడగండి. చెత్తబుట్టలో పడితే కాగితాలు అంటుకుంటాయి. 1973 జూలైలో వరిగ్ 820 విమానం పారిస్ దగ్గర అత్యవసరంగా దిగాల్సి రావడానికి కారణమైన మంట వెనక టాయిలెట్‌లోనే మొదలైంది, 123 మంది పోయారు. ఇప్పుడు బుట్టకి వేడి తగిలితే దానంతటదే పనిచేసే చిన్న సిలిండర్ ఉంటుంది. ఉన్నా బుట్ట తెరిచి చూడండి, కొంచెం నీళ్లు పోయండి.

పిలిస్తే ఎవరూ పలకకపోతే తలుపు కింద నుంచి పైకి చేతి వెనకవైపుతో తాకండి. చల్లగా ఉంటే సిలిండర్ సిద్ధంగా పట్టుకుని, తలుపు చాటున కిందికి వంగి, నెమ్మదిగా తెరవండి. వేడిగా ఉంటే హుడ్ పెట్టుకోకుండా ముట్టుకోవద్దు. నాజిల్ పట్టేంత సందు మాత్రం తీసి, మొత్తం కొట్టి, వెంటనే మూసేయండి. కాసేపాగి మళ్లీ తాకి చూడండి. తలుపు బార్లా తెరిస్తే మంటకు గాలి మీరే అందించినట్టు.

ఫోన్, పవర్‌బ్యాంక్

ఇప్పుడు మీకు ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇదే. 2025 జనవరిలో బుసాన్‌లోని గిమ్హే ఎయిర్‌పోర్ట్‌లో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న ఒక ఎయిర్‌బస్‌లో పై బిన్‌లో మంట లేచింది. అనుమానం పవర్‌బ్యాంక్ మీదికే వెళ్లింది. నేల మీద ఉంది కాబట్టి అందరూ దిగిపోగలిగారు. అందుకే చాలా ఎయిర్‌లైన్స్ ఇప్పుడు పవర్‌బ్యాంక్‌ని పై బిన్‌లో పెట్టొద్దు, కళ్లముందే పెట్టుకోండి అంటున్నాయి.

బ్యాటరీ ఉబ్బడం, బుస్సుమనడం, తియ్యటి రసాయన వాసన, తర్వాత తెల్లటి పొగ, ఆపైన మంట. మంట ఉంటే హేలాన్ కొట్టండి, కానీ అక్కడితో ఆగకండి. హేలాన్ మంటను ఆర్పుతుందే గానీ బ్యాటరీని చల్లబరచదు. లోపల ఒక సెల్ కాలితే ఆ వేడికి పక్క సెల్ అంటుకుంటుంది. కాబట్టి వెంటనే నీళ్లు పోయాలి, ధారాళంగా. నీళ్లు చాలకపోతే కార్ట్‌లో ఉన్న జ్యూస్, కూల్‌డ్రింక్ ఏదైనా సరే, ఆల్కహాల్ తప్ప. ఐసు ముక్కలు వేయకండి, దుప్పటి కప్పకండి, రెండూ వేడిని లోపలే ఆపేస్తాయి. పొగ వస్తున్న పరికరాన్ని చేతితో ఎత్తకండి. ఛార్జింగ్‌లో ఉంటే సీటు కరెంటు ఆపించండి. చుట్టుపక్కల వాళ్లను లేపి దూరం పంపండి. పూర్తిగా చల్లబడ్డాకే, పావుగంట కనిపెట్టి చూశాక, నీళ్లున్న పాత్రలోకో మీ ఎయిర్‌లైన్ ఇచ్చిన ప్రత్యేక సంచిలోకో మార్చి, దిగేదాకా ఒక కన్నేసి ఉంచండి.

ఇంకోటి. సీటు సందులో ఫోన్ పడిపోతే ప్రయాణికులు సీటును ముందుకీ వెనక్కీ కదిపి తీయబోతారు. ఆ ఇనుప కీలు మధ్య ఫోన్ నలిగితే అక్కడికక్కడే అంటుకోగలదు. "సీటు కదపకండి, లేచి నిలబడండి, మేం తీస్తాం" అనండి. గల్ఫ్ వెళ్లే కుర్రాడికి ఫోన్ పోతే ప్రాణం పోయినట్టే ఉంటుంది, కాస్త ఓపిగ్గా చెప్పండి.

ఓవెన్‌లో మంట వస్తే కరెంటు ఆపి, తలుపు మూసే ఉంచండి. గాలి లేక చాలాసార్లు దానంతటదే చస్తుంది. గోడ ప్యానెల్ వెనక మంట అని తేలితే గొడ్డలితో కన్నం చేసి నాజిల్ పెట్టే పద్ధతి ఉంది, అయితే అక్కడ వైర్లు ఉంటాయి కాబట్టి కెప్టెన్‌ని అడగకుండా మొదలుపెట్టకండి.

ప్రయాణికులతో

"మాస్కులు ఎందుకు వదలడం లేదు?" అని కచ్చితంగా అరుస్తారు. ఆ మాస్కులు చుట్టూ ఉన్న గాలిని కూడా కలుపుకునే పీల్పిస్తాయి, కాబట్టి పొగ లోపలికే పోతుంది. పైగా ఆక్సిజన్ మంటకు ఊతం. అంత వివరించే టైము ఉండదు. "మాస్కులు పొగకు పనిచేయవు, తల వంచండి, తడిగుడ్డ పెట్టుకోండి" అంటే చాలు. మన వాళ్ల దగ్గర తువాలో, గాంచానో, నూలుచీర కొంగో ఉండనే ఉంటుంది. సీసాలోని నీళ్లతో తడిపి ముక్కు, నోరు మూసుకోమనండి. నైలాన్, పాలిస్టర్ వద్దు, వేడికి కరిగి అంటుకుంటాయి. ఎయిర్ కెనడా 797లోనూ క్రూ తడి టవళ్లు పంచి, ప్రయాణికులను ముందు వరసల్లోకి మార్చారు.

అందరినీ ఒకేసారి ముందుకు తోలకండి, వరసవారీగా కదపండి. ఎవరైనా వీడియో తీస్తుంటే పట్టించుకోకండి. దారికి అడ్డం వస్తేనే మాట్లాడండి. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన మీరు ఆ సమయంలో మైకు పట్టుకుంటే, ఇంగ్లిష్ ప్రకటనకు బిక్కచచ్చి కూర్చున్న సగంమంది కదులుతారు. చిన్న వాక్యాలు, గట్టి గొంతు.

నేల తాకాక

విమానం ఆగగానే అంతా అయిపోయినట్టు కాదు. 1980లో రియాద్‌లో సౌదియా 163 విమానం లోపల మంటతోనే క్షేమంగా దిగింది. కానీ తలుపులు సమయానికి తెరుచుకోలేదు. 301 మందీ లోపలే పోయారు. ఖాళీ చేయమన్న ఆజ్ఞ కోసం సిద్ధంగా ఉండండి. కెప్టెన్ నుంచి ఏ మాటా రాకపోతే, ప్రాణాపాయం కళ్లముందే ఉంటే మీరే మొదలుపెట్టే అధికారం మీ మాన్యువల్‌లో ఎలా రాసి ఉందో ఇవాళే చదువుకోండి.

తలుపు తీసే ముందు కిటికీలోంచి బయట చూడండి. అటువైపు మంట ఉంటే ఆ తలుపుకి అడ్డంగా నిలబడి వేరేవైపు పంపండి. 2024 జనవరి 2న టోక్యో హనెదాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద కాలిపోయింది. అనౌన్స్‌మెంట్ సిస్టమ్ పనిచేయలేదు, ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు, క్రూ మెగాఫోన్లతో, గొంతులతో నడిపించారు. 379 మందీ బయటపడ్డారు. బ్యాగుల కోసం జనం ఆగకపోవడం అందులో పెద్ద భాగం. మన దగ్గర పై బిన్ తెరిచే చేతులు చాలా లేస్తాయి. "సామాన్లు వదిలేయండి, ఇటు రండి, దూకండి" అని ఆపకుండా అరుస్తూనే ఉండాలి.

జయపురం నుంచి ఉడాన్ (చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ పథకం) కింద నడిచిన తొమ్మిది సీట్ల సెస్నా లాంటి వాటిలో క్యాబిన్ క్రూ ఉండరు. అందులో మీరు ప్రయాణికులుగా ఎక్కితే, వాసన రాగానే నేరుగా పైలట్‌కే చెప్పాలి, ఎక్స్‌టింగ్విషర్ ఎక్కడుందో ఎక్కేటప్పుడే చూసుకోవాలి.

మంట ఆరి, విమానం మామూలుగా దిగిందనుకోండి. ఏ టైముకి వాసన వచ్చింది, ఎవరు చెప్పారు, ఎప్పుడు కాక్‌పిట్‌కి ఫోన్ చేశారు అన్నవి ఆరోజే రాసిపెట్టుకోండి, మర్నాటికి నిమిషాలు కలిసిపోతాయి. సగం వాడిన సిలిండర్‌ని కూడా బ్రాకెట్‌లో తిరిగి పెట్టకండి. క్యాబిన్ డిఫెక్ట్ లాగ్‌లో నమోదు చేసి, ఇంజినీర్ చేతికే అప్పగించండి.